“ఇంతమంది ఎందుకు ఊరుకున్నారు?” యువ పాఠకుల డిస్టోపియన్ ఫాంటసీ నవలలపై చర్చ

మొదటిపుట:
అందరికీ నమస్కారం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసు పాఠకుల కోసం రెండేళ్లుగా ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. డిస్టోపియా, అంటే జనాన్ని అణచివేసే ఊహా సమాజపు కథ. చుట్టూ గోడలున్న ఒక నగరంలో, పదిహేనేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ తమ అసలు పేరును నామశాలలో అప్పగించి రావాలి. ఆ నాటి నుంచి ఆ పేరు పలికే అధికారం పాలకులకే ఉంటుంది; వాళ్లు ఆ పేరుతో పిలిచి ఏ పని చెప్పినా, మనసు ఒప్పుకోకపోయినా ఒళ్లు ఒప్పుకుంటుంది. నా కథానాయిక పేరు అప్పగించకుండా పారిపోతుంది. ఇంతవరకూ బాగానే వచ్చిందనుకున్నాను.

మొదటి నూట ఇరవై పుటలు మా మేనకోడలికి ఇచ్చాను. తనకు పదిహేనేళ్లు, ఈ రకం నవలలు నాకంటే ఎక్కువే చదివింది. మూడు రోజుల తర్వాత కాగితాలు తిరిగి ఇస్తూ, “మావయ్యా, ఇది అన్యాయమని అక్కడ అందరికీ తెలుసు కదా, మరి ఇంతమంది ఎందుకు ఊరుకున్నారు?” అని అడిగింది. సైనికులున్నారు కదా అన్నాను. “ఎంతమంది?” అంది. నా రాతప్రతిలో సైనికులు మూడు వందల మంది, నగరంలో జనం నలభై వేలు. ఆ లెక్క రాసుకున్నది నేనే, గమనించనిదీ నేనే.

మీరు చదివిన నవలల్లో ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబు ఎక్కడ దొరికిందో, ఎక్కడ దొరకలేదో చెప్పగలరా? సలహాల కంటే ఉదాహరణలు నాకు ఎక్కువ ఉపయోగపడతాయి.

ఆకుపచ్చ సిరా:
మొదటిపుట గారూ, మీ మేనకోడలు అడిగిన ప్రశ్న దగ్గరే ఈ రకం నవలల్లో సగం కూలిపోతాయి. సుజాన్ కాలిన్స్ 2008లో ప్రచురించిన ‘ది హంగర్ గేమ్స్’ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా బరిలో పిల్లలు ఒకరినొకరు చంపుకోవడం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆ నవలలో అన్నిటికంటే భయం పుట్టించినది మొదటి అధ్యాయంలో వచ్చే ఒక లెక్క. ఆ బరిలోకి పంపే పిల్లల్ని చీట్లు తీసి ఎంచుతారు. పన్నెండేళ్లు వచ్చినప్పుడు పిల్లల పేరు ఒక చీటీ మీద చేరుతుంది, ఆపైన పద్దెనిమిదేళ్ల వరకూ ఏటా ఒక్కో చీటీ పెరుగుతుంది. ఇంతవరకూ అందరికీ ఒకటే నియమం. అయితే ఇంట్లో తిండి లేనివాళ్లు తమ పేరుతో అదనంగా మరో చీటీ వేయించుకుని, దానికి బదులుగా ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని ధాన్యమూ నూనే తెచ్చుకోవచ్చు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చీటీలు వేయించుకోవచ్చు, అవి మరుసటి ఏడాదికి చెరిగిపోవు. అందుకే పదహారేళ్ల కథానాయిక కాట్నిస్ పేరు ఇరవై చీటీల మీద, ఆమె స్నేహితుడు, పద్దెనిమిదేళ్ల గేల్ పేరు నలభై రెండు చీటీల మీద ఉంటాయి.

ఇక్కడ ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. చెల్లెలి కడుపు నింపడానికి ఆ పిల్ల తనంత తానే వెళ్లి తన చావును ఒక అడుగు దగ్గరికి జరుపుకుని వస్తుంది. ఆ ఏర్పాటు చేసే రెండో పని ఇంకా లోతైనది. రాత్రి భోజనానికి లోటు లేని దుకాణదారుల పిల్లలకూ, గని కార్మికుల పిల్లలకూ మధ్య అది మాటల్లో చెప్పలేని పగ పెడుతుంది. గేల్ అడవిలో ఆవేశపడి చెప్పేది అదే. వాళ్లలో వాళ్లకు పొత్తు కుదరనంత కాలం మీ మూడు వందల మంది సైనికులు చాలినంత మందే.

కాబట్టి నేను మిమ్మల్ని అడిగేది ఒకటే. పేరు తీసుకున్న నామశాల, బదులుగా ఏమి ఇస్తుంది?

చివరిబెంచి:
నేను విభేదిస్తున్నాను. ఈ నవలలు పాలనాశాస్త్ర గ్రంథాలు కావు. వెరోనికా రోత్ 2011లో రాసిన ‘డైవర్జెంట్’ తీసుకోండి. ఒక నగరాన్ని ఐదు వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గానికి ఒక్కో సద్గుణం అంటగట్టి, పదహారో ఏట ఎవరి వర్గం వాళ్లు ఎంచుకోవాలంటే, అటువంటి నగరం మూడు నెలలు కూడా నడవదు. అది నాకు చదువుతున్నప్పుడే తెలుసు. అయినా తెల్లవారేదాకా చదివాను. ఎందుకంటే ఎంపిక రోజున కథానాయిక నెత్తుటి చుక్క ఏ వర్గం గిన్నెలో పడుతుందో తెలియక తల్లడిల్లే ఆ సన్నివేశం, ఇల్లు వదలాలా వద్దా అని ఆ వయసు పిల్లలు నిజంగా పడే మథనమే. ఆ ఒక్క భావం నిజమైతే మిగిలిన కట్టడం అట్టముక్కలతో చేసినా పాఠకుడు క్షమిస్తాడు.

మీ మేనకోడలికి ఆ ప్రశ్న వేసుకునే తీరిక దొరికిందంటే, నూట ఇరవై పుటల్లోనూ పరుగు చాలలేదని నా అనుమానం. మీ నాయిక ఎన్నో పుటలో పారిపోతుంది?

మొదటిపుట:
తొంభై ఆరో పుటలో.

చివరిబెంచి:
నా జవాబు మీరే చెప్పారు.

నిశాచర పాఠకురాలు:
చివరిబెంచి గారి మాటలో కొంత నిజముంది, కానీ ఆయన చెప్పిన ఉదాహరణే ఆయనకు ఎదురు తిరుగుతుంది. ఆ అట్టముక్కల కట్టడానికి మూడో పుస్తకంలో కారణం చెప్పవలసి వచ్చింది. నగరమంతా బయటివారు జరుపుతున్న ఒక ప్రయోగమనీ, అంతా జన్యువుల వ్యవహారమనీ 2013లో వచ్చిన ‘అలీజియంట్’ చెప్పేసరికి, మొదటి పుస్తకంలో మనల్ని కట్టిపడేసిన ఎంపిక రోజు విలువే తగ్గిపోయింది. అప్పు చేసి మొదటి అంతస్తు కట్టుకోవచ్చు, మూడో అంతస్తు దగ్గర అప్పులవాడు తలుపు తడతాడు.

నేను చెప్పదలచినది సైనికులు కనిపించని నవల గురించి. లోయిస్ లౌరీ 1993లో రాసిన ‘ది గివర్’, మరుసటి ఏడాది, అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబరీ పతకం పొందిన పుస్తకం. అందులో రంగులు లేవు, ఎండావానల మార్పులు లేవు, ఆకలి లేదు, యుద్ధం లేదు. పన్నెండో ఏట ఎవరు ఏ పని చేయాలో పెద్దలు నిర్ణయిస్తారు. ఎవరూ ఏడవరు, ఎవరూ ఎదురుచెప్పరు. కారణం కూడా స్పష్టంగా ఉంది: వాళ్ల పూర్వికులు బాధ లేకుండా ఉండడం కోసం రంగులనూ జ్ఞాపకాలనూ ఇష్టపడే వదులుకున్నారు, తర్వాతి తరాలకు ఏమి పోయిందో తెలియదు. తెలియనిదాని కోసం ఎవరు తిరగబడతారు?

(ఇక్కడి నుంచి ఆ కథలోని ముఖ్యమైన మలుపు వస్తుంది. చదవనివారు ఈ పేరా దాటవేయండి.) కథానాయకుడైన జోనస్ అనే కుర్రవాడి తండ్రి పసిపిల్లలను సాకే ఉద్యోగి, మెత్తనివాడు, పిల్లలతో ముద్దుముద్దుగా మాట్లాడేవాడు. కవల పిల్లల్లో బరువు తక్కువగా ఉన్న శిశువును ‘విడుదల’ చేయడమంటే ఏమిటో జోనస్ తెర మీద చూస్తాడు. తండ్రి అదే ముద్దు గొంతుతో మాట్లాడుతూ ఆ శిశువు నుదుటి నరంలోకి సూది దించుతాడు. ఆ సన్నివేశంలో దుర్మార్గుడు లేడు. నేను అది పద్నాలుగేళ్ల వయసులో చదివి, రెండు రోజులు మా నాన్నతో సరిగా మాట్లాడలేకపోయాను. ఆయనకు కారణం ఇప్పటికీ తెలియదు.

నిర్వాహకులు:
సభ్యులకు ఒక విన్నపం. కథల ముగింపులూ మలుపులూ చెప్పే ముందు నిశాచర పాఠకురాలు గారి మాదిరిగా ఒక మాట హెచ్చరించండి. డిస్టోపియాకు తెలుగు మాట ఏదన్న చర్చ వేరే చోట నడుస్తోంది, దాన్ని ఇక్కడికి తీసుకురావద్దు.

గాలిమర:
మొదటిపుట గారి ప్రశ్నకు నా దృష్టిలో చాలా పాత సమాధానం ఒకటుంది, అది మనందరికీ చిన్నప్పుడే తెలిసిన కథ. ఏకచక్రపురంలో బకాసురుడికి వంతుల ప్రకారం బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకొచ్చే మనిషి ఆహారంగా వెళ్లాలి. మనకు భీముడు గుర్తుంటాడు, ఏర్పాటు గుర్తుండదు. మహాభారతం ఆదిపర్వంలో ఆ ఏర్పాటును ఎంత నిక్కచ్చిగా చెప్పారో ఒకసారి మళ్లీ చదవండి. ఆ దేశపు రాజు చేతకానివాడు. రాక్షసుడు తన తిండికి బదులుగా పరరాజుల నుంచీ ఇతర భూతాల నుంచీ ఆ ప్రాంతాన్ని కాపాడుతుంటాడు. ఒక ఇంటికి వంతు ఎన్నో ఏళ్లకు గానీ రాదు. తప్పించుకోవాలని చూసినవాణ్ణి ఆలుబిడ్డలతో సహా తింటాడు. అంటే రక్షణ ఉంది, వంతు దూరంగా ఉంది, తప్పించుకుంటే నష్టం ఇంటిల్లిపాదికీ ఉంది. ఆకుపచ్చ సిరా గారు అడిగిన “బదులుగా ఏమి ఇస్తుంది” అన్న ప్రశ్నకు ఇంతకంటే పొందికైన జవాబు నేను చదవలేదు.

ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. ఆ ఇంటి బ్రాహ్మణుడు భార్యతో, ఎక్కడికైనా వెళ్లిపోదామని నేను ఎప్పుడో అన్నాను, పుట్టి పెరిగిన చోటు, తండ్రి ఉన్న చోటు అని నువ్వే వినలేదు అని వాపోతాడు. ఆ తర్వాత నేను వెళ్తానంటే నేను వెళ్తానని భర్త, భార్య, కూతురు ముగ్గురూ ఏడుస్తుంటే, ఇంకా మాటలు సరిగా రాని పసివాడు ఒక గడ్డిపరక పట్టుకుని, దీనితో ఆ రాక్షసుణ్ణి చంపుతానంటాడు. ఈ రకం నవలలన్నీ ఆ గడ్డిపరక దగ్గరే మొదలవుతాయని నాకు అనిపిస్తుంది.

కాలిన్స్ తన కథకు మూలంగా గ్రీకుల థీసియస్ గాథను చెప్పుకున్నారు. అందులో ఏథెన్స్ నగరం ఏడుగురు యువకులనూ ఏడుగురు యువతులనూ క్రీటు ద్వీపంలోని ఎద్దు తల రాక్షసుడు మినోటార్‌కు పంపాలి. టీవీలో ఒకచోట పోటీ కార్యక్రమమూ, ఇంకోచోట ఇరాక్ యుద్ధ దృశ్యాలూ మార్చి మార్చి చూస్తున్నప్పుడు రెండూ కలిసిపోయి ఈ ఆలోచన వచ్చిందని కూడా ఆవిడ చెప్పారు. మనుషుల్ని బలిగా పంపడం అటు గ్రీకు కథలోనూ ఉంది, ఇటు మన కథలోనూ ఉంది. కానీ పంపే ఇంటి లోపలికి వెళ్లి చూసినది మన కథే.

చివరిబెంచి:
గాలిమర గారూ, కథ బాగా గుర్తుచేశారు. అయితే అక్కడ సమస్యను తీర్చినది ఎవరు? అద్దెకు దిగిన ఇంట్లో ఉన్న, వాయుదేవుడి కొడుకు. ఊరి జనం ఏమీ చేయలేదు. మన యువ నవలల్లోనూ అంతే కదా? ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉన్నా చివరికి ఒక ప్రత్యేకమైన పిల్ల వచ్చి విరగ్గొడుతుంది. అప్పుడు ఆ పకడ్బందీతనమంతా దేనికి?

కంచె దాటిన మేక:
చాలా రోజులుగా నేను మాట్లాడాలనుకుంటున్న విషయం చివరిబెంచి గారు ఎత్తారు. డిస్టోపియాకు ఫాంటసీ తోడైనప్పుడు పుట్టే చిక్కు ఇదే.

విక్టోరియా ఏవ్‌యార్డ్ 2015లో రాసిన ‘రెడ్ క్వీన్’లో మనుషులు రెండు రకాలు. వెండి రంగు నెత్తురున్నవారికి నిప్పునూ నీటినీ లోహాలనూ ఆడించే శక్తులుంటాయి, వారే ఏలుతారు. ఎర్ర నెత్తురువారు వెట్టిచాకిరీ చేస్తారు, యుద్ధంలో చస్తారు. ఇంతవరకూ జవాబు పక్కాగా ఉంది: ఎందుకు ఊరుకున్నారంటే, ఎదురుగా ఉన్నవాడు చేతి కొసల నుంచి మంట పుట్టించగలడు. కానీ కథానాయిక మేర్ ఎర్ర నెత్తురు పిల్లే అయినా మెరుపును పిలవగలదు. దాంతో తిరుగుబాటు మొదలవుతుంది. ఇప్పుడు ఆలోచించండి. పుట్టుకతో వచ్చిన శక్తే గొప్పతనమని పాలకులు చెబుతున్నారు. ఆ మాట అబద్ధమని చెప్పవలసిన కథ, పుట్టుకతో శక్తి వచ్చిన పిల్లనే నాయికగా నిలబెట్టింది. నెత్తురు ఏ రంగుదైనా లోపల మెరుపు ఉన్నవారే చరిత్ర నడుపుతారన్నమాట. ఏ శక్తీ లేని ఆమె అమ్మానాన్నలూ ఇరుగుపొరుగూ కథకు బరువుగా మిగిలిపోతారు.

ఇది ఆ ఒక్క పుస్తకం తప్పు కాదు, ఆ పుస్తకం నాకు ఇష్టమే. మొత్తం ఫాంటసీకి వంశపారంపర్యంగా వచ్చిన జబ్బు ఇది. రాజవంశపు వారసుడు, శరీరం మీద గుర్తున్న శిశువు, జోస్యంలో చెప్పిన కన్య, వీళ్లంతా రాచరికపు కథల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లను తెచ్చి నిరంకుశత్వాన్ని కూల్చమంటే వాళ్లు కూల్చేది పాత రాజును మాత్రమే.

మొదటిపుట గారూ, మీ నాయిక ఎందుకు పారిపోగలిగింది? ఆమె పేరులో ఏదైనా మహిమ ఉందని మాత్రం చెప్పకండి.

మొదటిపుట:
రెండో భాగంలో చెబుదామనుకున్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆకుపచ్చ సిరా:
సిగ్గుపడవలసిన పని లేదు, మేక గారి వాదనకు ఒక సవరణ కావాలి. ప్రత్యేకత ఉండడం తప్పు కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ముఖ్యం. కాట్నిస్ విలువిద్య పుట్టుకతో రాలేదు. తండ్రి నేర్పినది; గని ప్రమాదంలో ఆయన పోయాక, ఇంట్లో పొయ్యి వెలగక, కంచె దాటి అడవిలో వేటాడి పదును పెట్టుకున్నది. అంటే ఏ ఆకలితో ఆ రాజ్యం ఆమెను లొంగదీసుకుందో, ఆ ఆకలే ఆమె చేతికి మళ్లీ విల్లునిచ్చింది. ఏర్పాటు తన శత్రువును తానే తయారుచేసుకుంది. చివరిబెంచి గారు అడిగిన “పకడ్బందీతనం దేనికి” అన్న దానికి ఇదే జవాబు.

ఫాంటసీలో కూడా ఈ పని చేయవచ్చు. మాయాశక్తిని ఆస్తిలా చూడండి: అది ఎవరి దగ్గర ఉంది, ఎలా చేతులు మారుతుంది, దాన్ని వాడితే ఎవరి ఒంట్లో ఏమి తరుగుతుంది? మీ నగరంలో పేరు పలికితే ఒళ్లు లోబడుతుంది, అది మంచి ఊహ. అయితే పలికినవాడికి ఏమవుతుంది? పేర్లను మోసే గుమాస్తాలు ఎవరు? నలభై వేల పేర్లను రోజూ దుమ్ము దులిపేవాడు ఒకడు ఉండాలి కదా. వాడికి ఏమి తెలుస్తుందో ఆలోచిస్తే, మహిమలేవీ లేకుండానే మీ నాయికకు దారి దొరకవచ్చు.

చివరిబెంచి:
ఎంత పొగిడినా ‘ది హంగర్ గేమ్స్’ జపాన్‌కు చెందిన కౌషున్ టకామి రాసిన ‘బాటిల్ రాయల్’కు నకలు కదా? అక్కడా ఒక తరగతి పిల్లల్ని ద్వీపంలో వదిలి చంపుకోమంటారు, అది 1999 నాటి పుస్తకం.

నిశాచర పాఠకురాలు:
పోలిక ఉందన్నది నిజం, నకలన్నది నిరాధారం. తన రాతప్రతి ప్రచురణకర్తకు ఇచ్చేదాకా ఆ పుస్తకం పేరు గానీ రచయిత పేరు గానీ వినలేదని కాలిన్స్ ఒక పత్రికకు చెప్పారు. పైగా రెండింటి దృష్టీ వేరు. టకామి నవల చాలామంది పిల్లల కళ్లలోంచి మారుతూ సాగుతుంది. కాలిన్స్ నవల ఒక్క పిల్ల గొంతులో, వర్తమాన కాలంలో నడుస్తుంది. ఆమె తనను చూస్తున్న కెమెరాల గురించి అనుక్షణం ఆలోచిస్తూ, ఏ ముఖం పెడితే దాతలు మందు పంపుతారో లెక్క వేసుకుంటుంది. ఆ ప్రేక్షకులే ఆ నవలలో అసలు విషయం. రాజ్యం పేరైన ‘పానెమ్’ కూడా, రోము పౌరులు రొట్టెలూ వినోదాలూ దొరికితే చాలనుకుంటున్నారని అక్కడి కవి జువెనల్ ఎగతాళి చేసిన లాటిన్ మాటలోంచి వచ్చినదే.

రాస్తున్నవారికి ఉపయోగపడే మాట ఒకటి. ఇలా ‘నేను’ అంటూ వర్తమానంలో చెప్పే పాత్రకు తన సమాజం గురించి ఉపన్యాసం ఇచ్చే వీలుండదు, ఎందుకంటే ఆమెకు అది మామూలు జీవితం. కాబట్టి వ్యవస్థ అంతా ఆమె చేసే పనుల్లోంచి, బరువుల్లోంచి, వరుసల్లో నిలబడడంలోంచి తెలియాలి. మీ మొదటి నూట ఇరవై పుటల్లో నగర చరిత్ర చెప్పే పుటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారా?

పాత అట్ట:
ఈ రకం కథలు 2008తోనే మొదలయ్యాయని అనిపించేలా చర్చ సాగుతోంది కనుక ఒక పాత పుస్తకాన్ని ముందుకు తెస్తున్నాను. జాన్ క్రిస్టఫర్ 1967లో రాసిన ‘ది వైట్ మౌంటెన్స్’. మూడు కాళ్ల మహాయంత్రాలు భూమిని ఏలుతుంటాయి. పిల్లలకు పద్నాలుగో ఏట నెత్తికి ఒక లోహపు తొడుగు వేస్తారు, ఆ తర్వాత వాళ్లకు ఎదురుచెప్పాలన్న తలపే రాదు. గమనించవలసినది ఏమిటంటే, తొడుగు వేసే రోజు అక్కడ పండుగ. విందు, కొత్త బట్టలు, బంధువుల రాక. పిల్లలు ఆ రోజు కోసం ఎదురుచూస్తారు, ఎందుకంటే తొడుగు వేస్తేనే పెద్దవాళ్లయినట్టు.

కథ చెప్పే విల్‌కు జాక్ అని ఒక బంధువు ఉంటాడు, స్నేహితుడు కూడా. ఇద్దరూ కలిసి ఒక పాడుబడిన చోట స్థావరం కట్టుకుని ఆడుకుంటారు. జాక్‌కు కొంచెం అనుమానాలు కూడా ఉంటాయి. తొడుగు వేయించుకుని వచ్చాక ఆ స్థావరం పిల్లలాట అనేస్తాడు. అంతే. దెబ్బలు లేవు, నెత్తురు లేదు, మొన్నటి స్నేహితుడు ఇవాళ పెద్దమనిషి అయిపోయాడు. మాయ లేకుండానే ఇది ప్రతి స్కూల్లోనూ జరిగే సంగతి కనుకనే, ఆ వయసు పాఠకుడికి గుండెలో గుచ్చుకుంటుంది. స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ 2005లో రాసిన ‘అగ్లీస్’లో పదహారో ఏట అందరినీ అందగాళ్లుగా మార్చే శస్త్రచికిత్స కూడా ఇదే వరుసలోది, ముఖంతో పాటు మెదడునూ మారుస్తారన్న నిజం తర్వాత బయటపడుతుంది.

మొదటిపుట గారూ, మీ నామశాలకు పిల్లల్ని సైనికులు ఎందుకు లాక్కుపోవాలి? తల్లులు తీసుకువెళ్తారు.

కంచె దాటిన మేక:
పాత అట్ట గారి చివరి మాట చదివి కాసేపు ఆగిపోయాను. (ఇక్కడ ప్యాట్రిక్ నెస్ 2008లో రాసిన ‘ది నైఫ్ ఆఫ్ నెవర్ లెటింగ్ గో’ రహస్యం చెప్పక తప్పడం లేదు.) మగవాళ్ల ఆలోచనలన్నీ బయటికి వినబడే ఊరు అది. పదమూడేళ్లు వచ్చిన కుర్రవాడు మగవాడుగా మారాలంటే ఒక మనిషిని చంపాలి. ఊరు చేసిన పాత నేరంలో ప్రతివాడి చేతికీ నెత్తురు అంటాలి. ఎవరూ ఎవరి వైపూ వేలు చూపకుండా ఉండడానికి అదే ఏర్పాటు. పండుగ చేసి కలుపుకోవచ్చు, పాపం చేయించీ కలుపుకోవచ్చు. రెండోదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

నీల్ షస్టర్‌మన్ 2007లో రాసిన ‘అన్‌వైండ్’లో పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లల్ని అవయవాల కోసం విడదీయడానికి సంతకం పెట్టేది కూడా కన్నవాళ్లే.

మొదటిపుట:
అందరికీ కృతజ్ఞతలు. నిశాచర పాఠకురాలు గారూ, లెక్కపెట్టాను. నూట ఇరవైలో ముప్ఫై నాలుగు పుటలు నగర చరిత్రే. వాటిలో ముప్ఫై తీసేశాను. మిగిలిన నాలుగు మీద ఇంకా మమకారం చావలేదు.

ఇంకొక సందేహం. చివర నామశాల కూలిపోవాలా? కూలకపోతే పిల్లలకు నిరాశ మిగులుతుందని ఒక మిత్రుడు, కూలితే అబద్ధమని ఇంకొక మిత్రుడు అంటున్నారు.

గాలిమర:
(కాలిన్స్ ‘హంగర్ గేమ్స్’ వరుసలోని మూడో నవల ముగింపు, జాన్ క్రిస్టఫర్ ‘వైట్ మౌంటెన్స్’ వరుసలోని మూడో నవల ముగింపు ఇందులో వస్తాయి.) ఈ రెండింటి మధ్య మూడో దారి ఉంది: కూల్చి, ఆ మరునాడు ఏమి జరిగిందో చూపించడం. 2010లో వచ్చిన ‘మాకింగ్‌జే’లో రాజధాని పడిపోయాక, తిరుగుబాటు నాయకురాలు కాయిన్, ఇన్నాళ్లూ మన పిల్లలు చచ్చారు కనుక చివరిసారిగా రాజధాని పిల్లలతో ఆ క్రీడలు జరుపుదామని ప్రతిపాదించి, గెలిచి బతికినవారిని ఓటు అడుగుతుంది. ఆ గదిలో కూర్చున్నవాళ్లంతా ఆ బరిలోంచి బయటపడినవాళ్లే. అయినా ఓట్లు చీలతాయి. వ్యవస్థ గోడల్లో లేదు, ఆ గదిలో ఉంది. కాట్నిస్ బాణం ఎవరికి తగిలిందో ఇక్కడ చెప్పను.

క్రిస్టఫర్ కథలోనూ అంతే. యంత్రాలను పంపినవారు ఓడిపోయాక, విడుదలైన మనుషులు ఒక సభ జరుపుకుంటారు, ఆ సభ జాతుల తగాదాల్లో చీలిపోతుంది. పిల్లల పుస్తకం అలా ముగియడం చూసి అప్పట్లో నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ పుస్తకంలో నాకు గుర్తున్నవి జాక్ మారిపోవడం, ఆ సభ, ఈ రెండే.

నిశాచర పాఠకురాలు:
నాకు ‘ది గివర్’ ముగింపే ఇష్టం. మంచు, బండి, దూరంగా దీపాలు, వినిపిస్తున్నది సంగీతమో భ్రమో తెలియదు. తర్వాతి పుస్తకాల్లో జోనస్ సంగతి తేలుతుంది, కానీ మొదటిసారి చదివినప్పుడు ఆ తేలకపోవడమే నాతో మిగిలింది. నగరం కూలిందా లేదా అన్నది కాదు, జోనస్ వెంట తీసుకుని పారిపోయిన పసివాడు బతికాడా లేదా అన్నదే అప్పుడు నా ప్రశ్న. ఆ వయసు పాఠకులకు రాజ్యం కంటే మనిషి దగ్గర.

చివరిబెంచి:
దీనితో మాత్రం ఏకీభవిస్తున్నాను. ఇది నేను ఈ చర్చలో మొదటిసారి అంటున్న మాట, నమోదు చేసుకోండి.

మొదటిపుట:
మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. మొదటి అధ్యాయం పూర్తిగా తిరగరాశాను. సైనికులు దాదాపు లేరు. పేరు అప్పగించిన ఇంటికి నగరంలోని మంచుజ్వరం రాదు, అది నిజంగానే రాదు. ఒక వీధిలో ఒక్కరు పేరు అప్పగించకపోయినా ఆ వీధి అంతటికీ ఆ రక్షణ తొలగిపోతుంది. నాయిక పేరులో ఏ మహిమా లేదు. ఆమె నామశాలలో దుమ్ము దులిపే ముసలివాడికి రోజూ అన్నం తీసుకువెళ్లే పిల్ల, ఆకుపచ్చ సిరా గారికి రుణపడి ఉన్నాను. అప్పగించే రోజున తల్లి ఉదయాన్నే లేచి పిల్లకు జడ వేసి, కొత్త బట్ట కట్టి, చేయి పట్టుకుని గర్వంగా వరుసలో నిలబడుతుంది. ఇరుగుపొరుగు పలకరిస్తారు. వెనక నిలబడిన ఆవిడ, ఆలస్యం చేయకుండా తొందరగా వచ్చారని మెచ్చుకుంటుంది.

ఆ పదకొండు పుటలు మా మేనకోడలు నా ఎదుటే కూర్చుని చదివింది. “ఆ అమ్మ మీద కోపం రావడం లేదు మావయ్యా. రావాలి కదా?” అంది. కాసేపటికి, “ఆవిడకు తన అసలు పేరు గుర్తుందా?” అని అడిగింది. నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. గుర్తుంటే ఒక నవల, గుర్తులేకపోతే ఇంకొక నవల.

పాత అట్ట:
గుర్తుండనివ్వండి.

కంచె దాటిన మేక:
వద్దు. గుర్తులేకపోవడమే సరైనది, కానీ కూతుర్ని నిద్రలో ఆ పేరుతో పిలవనివ్వండి.

చివరిబెంచి:
ఇవన్నీ అలా ఉంచండి. ఇప్పుడు పిల్ల ఎన్నో పుటలో పారిపోతుంది?

మొదటిపుట:
ముప్ఫై ఎనిమిదో పుటలో.

చివరిబెంచి:
మంచిది. మిగిలినది పంపండి, చదువుతాను.